రాబందులకు ఏమైంది?

రాబందు అన్న మాట మనకు తిట్టు. పీక్కుతినే వడ్డీ వ్యాపారిని, లంచగొండి అధికారిని రాబందు అంటాం. సీతమ్మ కోసం రావణుడితో పోరాడి రెక్కలు తెగి పడిపోయిన జటాయువుకు మాత్రం చేతులెత్తి మొక్కుతాం. తిట్టినా మొక్కినా, ఆ పక్షి మన కళ్ళముందే ఎలా మాయమైందో మనలో చాలామందికి తెలియదు. నేనిక్కడికి ఎమ్మెస్ చదవడానికి వచ్చేదాకా నాకూ తెలియదు. కాలిఫోర్నియా కాండోర్ల గురించి చదువుతూ, అక్కణ్ణించి మన రాబందుల దగ్గరికి వెళ్ళాను.

1980ల వరకు భారతదేశంలో రాబందులు కోట్లలో ఉండేవి. ఊరి బయట పశువు కళేబరం పడేస్తే చాలు, గుంపుగా దిగి కొద్ది గంటల్లో ఎముకలు మిగిల్చేవి. 1990లలో ఇవి వేగంగా తగ్గిపోతున్నాయని భరత్‌పూర్ పక్షుల కేంద్రంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్ గమనించారు. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గాయి. అంటే వెయ్యి ఉన్నచోట ఒకటి మిగిలింది!

మొదట అందరూ ఏదో వైరస్ అనుకున్నారు. అసలు కారణాన్ని పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందులను పరీక్షించి లిండ్సే ఓక్స్ బృందం పట్టుకుంది. 2004లో 'నేచర్' పత్రికలో ప్రచురించింది. దోషి డైక్లోఫెనాక్. మనం ఒళ్ళునొప్పులకు వేసుకునే మందే. చవకగా దొరకడంతో 1990లలో పశువులకూ విరివిగా వాడారు. మందు వేశాక కొద్దిరోజుల్లో చనిపోయిన పశువు మాంసం తింటే రాబందు మూత్రపిండాలు పాడై, యూరిక్ ఆమ్లం లోపలి అవయవాలపై తెల్లగా పేరుకుని పక్షి చనిపోతుంది.

"అన్ని పశువులకూ ఆ మందు వెయ్యరు కదా?" అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. లెక్క ఇలా ఉంటుంది. ఒక కళేబరం మీద పదుల కొద్దీ పక్షులు వాలతాయి. ఆడపక్షి ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు. కాబట్టి నూటికి ఒక్క కళేబరంలోనైనా మందు అక్కర్లేదు, అంతకన్నా తక్కువే సరిపోతుందని శాస్త్రవేత్తలు తేల్చారు.

రాబందు పోతే మనకేం? కళేబరాలు కుళ్ళుతూ మిగిలాయి, వాటి మీద ఊరకుక్కలు పెరిగాయి, మంచినీళ్ళు కలుషితమయ్యాయి. ఇద్దరు ఆర్థికవేత్తలు, ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్, 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రాబందులు లేకపోవడంవల్ల 2000 నుంచి 2005 మధ్య సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారు. ఇది అంచనాయే. అయినా చిన్న సంఖ్య కాదు.

2006లో భారత ప్రభుత్వం పశువులకు డైక్లోఫెనాక్‌ను నిషేధించింది. అయితే మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడటం మొదలైంది. ఒకచోట సరిచేసిన బగ్ ఇంకోచోట తేలినట్టన్నమాట. 2015లో ఆ ఇంజెక్షన్ సీసాలను 3 మిల్లీలీటర్లకు పరిమితం చేశారు. రాబందులకు హాని చేసే కీటోప్రోఫెన్, అసెక్లోఫెనాక్‌లను కూడా 2023లో పశువులకు నిషేధించారు. హర్యానాలోని పింజోర్‌లోనూ, మన హైదరాబాద్ జూలోనూ సంతానోత్పత్తి కేంద్రాలు పెట్టారు. తెలంగాణలో బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగుముక్కు రాబందులు గూళ్ళతో సహా కనబడ్డాయి.

ఇక ఇక్కడి సంగతి. తొమ్మిదడుగులకు పైగా రెక్కలు చాచే కాలిఫోర్నియా కాండోర్లు 1982 నాటికి ప్రపంచం మొత్తం మీద 22 మిగిలాయి. వాటిని చంపుతున్నవాటిలో ముఖ్యమైనది సీసం. వేటగాళ్ళు కొట్టిన జంతువుల మాంసంలో మిగిలే తూటా ముక్కలు. 1987లో అడవిలో మిగిలిన చివరి పక్షిని కూడా పట్టుకుని జూలో పెంచారు. అడవిలో ఒక్కటీ లేకుండా చేయడమేమిటని అప్పట్లో గట్టిగా వ్యతిరేకించినవాళ్ళున్నారు. 1992 నుంచి మళ్ళీ వదలడం మొదలుపెట్టారు. ఇప్పుడవి 500కు పైగా ఉన్నాయి, వాటిలో సగానికి పైగా స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. 2019 జూలై 1 నుంచి కాలిఫోర్నియాలో వేటకు సీసపు తూటాలు పూర్తిగా నిషిద్ధం. శాన్ హొసే నుంచి రెండు గంటల్లోపు ప్రయాణంలో ఉన్న పినకిల్స్ నేషనల్ పార్కులో, రెక్కలకు నంబర్ల బిళ్ళలతో ఎగిరే కాండోర్లను చూడవచ్చు. పిల్లలను తప్పక తీసుకెళ్ళండి.

రెండు కథల్లోనూ ఎవరూ ఆ పక్షిని చంపాలని చంపలేదు. మన పశువుకు నొప్పి తగ్గాలనుకున్న రైతుదీ తప్పు కాదు. అతనికి కావలసింది రాబందుకు హాని చేయని మరో మందు. అది ఉంది, పేరు మెలోక్సికామ్. మనలో చాలామందికి ఊళ్ళో పాడి ఉన్న బంధువులున్నారు. ఈ వారాంతం ఫోన్ చేసినప్పుడు, ఆవుకో గేదెకో నొప్పుల ఇంజెక్షన్ వేయిస్తే మెలోక్సికామ్ అడగమని చెప్పండి. ఎందుకని అడిగితే జటాయువు పేరు చెప్పండి, పెద్దవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.