ప్రింటరు బిగించడం ఎలా?

మన కంప్యూటర్ గదిలోకి కొత్త ప్రింటరు వచ్చింది కదా. సారు దాన్ని బిగిస్తుంటే నేను పక్కనే ఉండి చూశాను. మీకు కూడా తెలియాలని రాస్తున్నాను.

ముందు అట్టపెట్టెలోంచి తీసి, కదలని బల్ల మీద పెట్టాలి. లోపల, బయట రంగు టేపులు అంటించి ఉంటాయి. అవన్నీ పీకెయ్యాలి. ఒక్కటి మరిచిపోయినా కాగితం ఇరుక్కోవచ్చు. తర్వాత టోనర్ డబ్బా పెట్టాలి. అందులో ఉండేది సిరా కాదు, నల్లటి పొడి. ట్రేలో ఎ4 కాగితాలు సర్దాలి. ఎ4 అంటే వెడల్పు 210, పొడవు 297 మిల్లీమీటర్లు.

ఇక వైర్లు రెండు. ఒకటి కరెంటుది. రెండోది యూఎస్‌బీ కేబుల్. దాని చదరంగా ఉన్న కొస ప్రింటరుకి, బల్లపరుపు కొస కంప్యూటర్‌కి పెట్టాలి. దూరకపోతే తిప్పి చూడాలి గానీ బలవంతంగా తొయ్యకూడదు. ఈ యూఎస్‌బీ 1996లో వచ్చింది. అంతకుముందు 25 పిన్నులున్న లావు వైరు వాడేవారంట.

వైరు పెడితే అయిపోయిందనుకున్నాను. కాలేదు! ప్రింటు తీస్తే అర్థంకాని గుర్తులతో పేజీ తర్వాత పేజీ వస్తూనే ఉన్నాయి. సారు ఆపేసి, "వేరే మోడల్ డ్రైవర్ పెట్టామమ్మా" అన్నారు. డ్రైవర్ అంటే బస్సు డ్రైవర్ కాదు. కంప్యూటర్ చెప్పేదాన్ని ప్రింటరు భాషలోకి మార్చి చెప్పే ప్రోగ్రామ్ అన్నమాట.

నాకు ఒకటో తరగతి గుర్తొచ్చింది. మా కోయ భాషలో నీళ్ళని ఏరు అంటాం. దాహమేసి "ఏరు" అని అడిగితే, ఏటికి పోతానంటున్నానని టీచరు కూర్చోబెట్టారు. ఇంటికి పోయేదాకా దాహంతోనే ఉన్నాను. నాకు నోరుంది, ఆయనకి చెవులున్నాయి. మధ్యలో మార్చి చెప్పేవాళ్ళే లేరు.

సారు ఆ డ్రైవర్ తీసేసి, ప్రింటరు మీదున్న మోడల్ నంబరు చూసి సరైనది ఎక్కించారు. సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అనే చోట దాని పేరు నొక్కి, టెస్ట్ పేజీ తీశారు. శుభ్రంగా వచ్చింది!

ఇంకో మాట. కాగితం రాలేదని ప్రింట్ అని పదిసార్లు నొక్కకండి. అన్నీ వరసలో ఉండి, తర్వాత పది కాగితాలూ వస్తాయి. కాగితం దండగ.

ఇప్పుడు అమ్మతో ఆఫీసుకి పోతే, ఆమె కోయలో చెప్పేది నేను తెలుగులో చెబుతాను. మా ఇంటికి డ్రైవర్ని నేనే! మన బడికి కొత్తగా వచ్చిన చిన్న చెల్లెళ్ళు మాట్లాడకపోతే మొద్దు పిల్ల అనకండి. వాళ్ళ భాష వచ్చినవాళ్ళు పోయి పక్కన కూర్చోండి.

- 9వ తరగతి విద్యార్థిని