ఒకసారి తుక్కుగా లెక్క తీరిన వాహనానికి బీమా ఎలా?

రాజురా నుండి వాంకిడి మీదుగా ఆసిఫాబాద్‌కు పోయే దారిలోను, వర్ధా నది దాటి బల్లార్షా, చంద్రపూర్‌లకు పోయే దారిలోను తిరిగే వాహనాలలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి తక్కువేమీ కావు. బొగ్గు గనులలోను, సిమెంటు కర్మాగారాలలోను పనిచేస్తూ ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మొదటి కారు చాలాసార్లు ఇంకొకరు వాడిన కారే అవుతుంది. కొన్ని బండ్లు బజారు ధర కంటే లక్ష రూపాయలు తక్కువకే దొరుకుతాయి. రంగు కొత్తగా ఉంటుంది, ఆర్‌సీ పుస్తకం సక్రమంగా ఉంటుంది. ఆ చౌకకు కారణం ఏమిటో తెలుసుకోకుండా డబ్బు చెల్లిస్తే, కారణం తెలిసేది ప్రమాదం జరిగి బీమా సంస్థ తలుపు తట్టిన నాడే. అటువంటి వాహనానికి బీమా దొరుకుతుందా, దొరికితే అది ఎంతవరకు పనిచేస్తుంది, కొనేవారు, అమ్మేవారు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

మన ఆర్‌సీపై ఆ ముద్ర ఉండదు

అమెరికాలోని రాష్ట్రాలలో ఒక వాహనం ప్రమాదంలోనో వరదలోనో బాగా దెబ్బతిని, బీమా సంస్థ దానిని పూర్తి నష్టంగా ప్రకటిస్తే, దాని యాజమాన్య పత్రానికి ‘సాల్వేజ్ టైటిల్’ అనే ముద్ర పడుతుంది. బాగుచేసి, తనిఖీలో నెగ్గిన తరువాత అది ‘రీబిల్ట్’ వాహనంగా మారుతుంది కాని, పాత చరిత్ర పత్రంపై నిలిచే ఉంటుంది. బ్రిటన్‌లో బీమా సంస్థలు ఇటువంటి వాహనాలను వర్గాలుగా విభజించి నమోదు చేస్తాయి.

భారతదేశంలో అటువంటి ముద్ర వేసే పద్ధతి లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 55వ సెక్షన్ ప్రకారం, వాహనం నాశనమైనా, శాశ్వతంగా వాడకానికి పనికిరాకుండా పోయినా, యజమాని 14 రోజులలోగా లేదా వీలైనంత త్వరగా రిజిస్టరింగ్ అధికారికి తెలిపి, ఆర్‌సీని అప్పగించాలి. అప్పుడు రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అయితే ‘పనికిరాదు’ అనడం వేరు, ‘బాగుచేయించడం గిట్టుబాటు కాదు’ అనడం వేరు. రెండవ కోవకు చెందిన బండ్లు ఆర్‌సీతో సహా చేతులు మారి, మరమ్మతు పొంది, మచ్చలేని కాగితాలతో తిరిగి బజారుకు చేరగలుగుతాయి. కాబట్టి వాహనం గతాన్ని వెలికి తీసే బాధ్యత మన దేశంలో చాలావరకు కొనుగోలుదారుపైనే పడుతుంది.

పూర్తి నష్టం లెక్క

ప్రతి సమగ్ర పాలసీలోను ‘ఐడీవీ’ అనే మొత్తం రాసి ఉంటుంది. బండి పోయినా, పూర్తిగా నాశనమైనా సంస్థ లెక్కలోకి తీసుకునే విలువ అదే. కొత్త ధర నుండి వయస్సును బట్టి తరుగుదల తీసి దీనిని నిర్ణయిస్తారు. ఆరు నెలలు దాటి ఏడాది లోపు బండికి 15 శాతం, ఏడాది నుండి రెండేళ్ల బండికి 20 శాతం, నాలుగు నుండి ఐదేళ్ల బండికి 50 శాతం తరుగుదల ఉంటుంది. ఐదేళ్లు దాటితే సంస్థ, యజమాని పరస్పరం అంగీకరించిన మొత్తమే ఐడీవీ.

బండిని తరలించి బాగుచేయడానికి అయ్యే మొత్తం ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే, పాలసీ దానిని పూర్తి నష్టంగానే పరిగణిస్తుంది. ఉదాహరణకు ఒక కారు ఐడీవీ 4,00,000 రూపాయలు అనుకుందాం. మరమ్మతు అంచనా 3,20,000 వచ్చింది. హద్దు 3,00,000 కనుక అది పూర్తి నష్టం కిందికి వస్తుంది. అప్పుడు రెండు మార్గాలు ఉంటాయి. సంస్థ దెబ్బతిన్న బండిని తానే తీసుకుని ఐడీవీ చెల్లించవచ్చు. లేదా ఆ బండికి వేలంలో పలికే తుక్కు విలువ, అంటే సాల్వేజ్, 1,20,000 అనుకుంటే, దానిని మినహాయించి 2,80,000 చెల్లించి, బండిని యజమానికే వదిలివేయవచ్చు. తప్పనిసరి మినహాయింపు కింద మరో వెయ్యో రెండు వేలో తగ్గుతుంది.

1,20,000 రూపాయలకు ఆ బండిని కొన్న వ్యాపారి పాత విడిభాగాలతో తక్కువ ఖర్చులో బాగుచేయించి, మూడు లక్షలకు పైగా అమ్మవచ్చు. ఇందులో ప్రతిదీ మోసం కాదు. నేర్పుగల మెకానిక్ చేతిలో మంచి బండిగా మారినవీ ఉంటాయి. గతం దాచి అమ్మినప్పుడే అది మోసమవుతుంది.

2020 అక్టోబరు వరదలలో హైదరాబాద్‌లోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ పరిసరాలలోను వేలాది వాహనాలు నీట మునిగాయి. వర్ధా వరద ఎట్లా ఉంటుందో రాజురా వాసులకు చెప్పనక్కరలేదు. 2022 వర్షాకాలంలో బల్లార్షాకు రాకపోకలే నిలిచిపోయాయి. మునిగిన బండి మునిగిన ఊరిలోనే అమ్ముడవుతుందన్న నియమం లేదు. దాని సంగతి ఎరుగని దూరపు ఊరిలోనే దానికి మంచి ధర పలుకుతుంది.

గతం ఏ కాగితంలో దొరుకుతుంది?

మొదట ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు వేసి చూడండి. ఆర్‌సీ చెల్లుబాటులో ఉన్నదా, అప్పు ఇచ్చిన సంస్థ పేరు ఉన్నదా, బీమా గడువు ఎప్పటివరకు ఉన్నదో తెలుస్తుంది. ఆర్‌సీ రద్దైనట్లు కనిపిస్తే అక్కడితో ఆగిపోవాలి. రిజిస్ట్రేషన్ లేని బండికి, ఎంత చక్కగా బాగుచేసినా, రోడ్డెక్కే హక్కు లేదు.

తరువాత గత మూడు నాలుగేళ్ల బీమా పాలసీలను చూపమని అడగండి. అన్నిటికంటె ఎక్కువ మాట్లాడే కాగితాలు ఇవే. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏడాదులకు నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 50 శాతం వరకు పెరుగుతుంది. క్లెయిమ్ చేస్తే సాధారణంగా సున్నాకు పడిపోతుంది. ‘ఒక్క గీత కూడా పడలేదు’ అని చెప్పే నాలుగేళ్ల బండి పాలసీలో బోనస్ సున్నా ఉంటే, ఎందుకని అడగవలసిందే. పూర్తి నష్టం చెల్లించిన తరువాత పాలసీ ముగిసిపోతుంది. అందువలన ఏడాది మధ్యలో పాలసీ తెగి, కొన్ని నెలల ఖాళీ తరువాత మరొక సంస్థలో కొత్త పాలసీ మొదలై ఉంటే, అది గట్టి అనుమానానికి తావిచ్చే గుర్తు.

ఇక బండినే పరిశీలించాలి. ఆర్‌సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండిపై ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. తుక్కు బండి కాగితాలను దొంగబండికి తగిలించే ముఠాలు పట్టుబడిన సందర్భాలు దేశంలో ఉన్నాయి. నంబరు చుట్టూ గీకిన ఆనవాళ్లు, కొత్త వెల్డింగు కనిపిస్తే కొనరాదు. సీటు బెల్టును చివరి వరకు లాగి చూస్తే, మునిగిన బండిలో బురద చార కనిపిస్తుంది. కార్పెట్ కింద ఒండ్రు, సీటు పట్టాలకు తుప్పు, హెడ్‌లైటు లోపల తేమ కూడా అటువంటి గుర్తులే. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరకుండా నిలిచినా, ప్రాణం కాపాడవలసిన సంచీ లోపల లేకపోయి ఉండవచ్చు. అధీకృత సర్వీసు కేంద్రంలో ఛాసిస్ నంబరుపై ఉన్న మరమ్మతుల చరిత్రను యజమాని సమక్షంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

బీమాలో రెండు భాగాలు

వాహన బీమాలో రెండు వేరువేరు రక్షణలు ఉంటాయి. మొదటిది థర్డ్ పార్టీ. మన బండి వలన ఇతరులకు కలిగే మరణం, గాయం, ఆస్తి నష్టాలకు ఇది పరిహారం ఇస్తుంది. 146వ సెక్షన్ ప్రకారం ఇది లేనిదే బండి రోడ్డెక్కరాదు. మొదటిసారి పట్టుబడితే మూడు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మరల పట్టుబడితే జరిమానా 4,000. దీని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించిన పట్టిక ప్రకారం ఉంటుంది. 2022 జూన్ 1 నుండి అమలైన పట్టికలో వెయ్యి సీసీ లోపు ప్రైవేటు కారుకు 2,094, వెయ్యి నుండి 1,500 సీసీ వరకు 3,416 రూపాయలు. బండికి గతంలో ప్రమాదం జరిగిందా లేదా అన్నదానిపై ఈ మొత్తం ఆధారపడదు.

రెండవది సొంత నష్టం రక్షణ. బాగుచేసిన బండికి చిక్కు వచ్చేది ఇక్కడే. పాలసీ మధ్యలో తెగిన బండిని సంస్థ ముందు తనిఖీ చేయిస్తుంది. ఫొటోలు తీసి, అప్పటికే ఉన్న లోపాలను నమోదు చేస్తుంది. ఆపై ఒప్పుకోవచ్చు, ఐడీవీ తగ్గించవచ్చు, తరుగుదల లేని పరిహారం వంటి అదనపు రక్షణలను నిరాకరించవచ్చు, లేదా థర్డ్ పార్టీ మాత్రమే తీసుకోమనవచ్చు. కొత్తగా కనిపించే బండికి తక్కువ ఐడీవీ ఇస్తున్నారని బాధపడనక్కరలేదు. నిజమైన విలువపై తీసుకున్న చిన్న పాలసీ, ఊహా విలువపై తీసుకున్న పెద్ద పాలసీ కంటె ఆపదలో బాగా ఆదుకుంటుంది.

దాచిన నిజానికి మూల్యం

బీమా అనేది పరస్పర విశ్వాసంపై నిలిచిన ఒప్పందం. దరఖాస్తులో అడిగిన ప్రశ్నకు తెలిసిన నిజం చెప్పవలసిన బాధ్యత దరఖాస్తుదారుదే. గతంలో పూర్తి నష్టం జరిగిన సంగతిని దాచి, అమ్మినవారి బోనస్‌ను తమదిగా చూపి పాలసీ తీసుకుంటే, ప్రీమియం కొంత తగ్గవచ్చు. కాని 50,000 రూపాయలు దాటిన నష్టానికి లైసెన్సు గల సర్వేయర్ వస్తారు. పాత వెల్డింగును, పాత తుప్పును ఆయన గుర్తించగలరు. పాత క్లెయిముల వివరాలు కూడా సంస్థలకు అందుతాయి. అప్పుడు సొంత నష్టం క్లెయిమ్ తిరస్కరణకు గురికావచ్చు. థర్డ్ పార్టీ కేసులో సైతం, ముఖ్యమైన వాస్తవాన్ని దాచి పాలసీ పొందారన్న అభ్యంతరాన్ని లేవనెత్తే అవకాశం 150వ సెక్షన్ సంస్థకు ఇస్తున్నది. ఒక మనిషి ప్రాణానికి పరిహారం మన ఇంటి మీదికి వస్తే, చౌకలో మిగిలిన లక్ష రూపాయలు ఏ మూలకూ చాలవు.

కాబట్టి ఏజెంటు ‘అవన్నీ రాయనక్కరలేదు’ అన్నా వినవద్దు. పూర్తి నష్టం జరిగిన సంవత్సరం, కారణం, చేసిన మరమ్మతులు ఒక కాగితంపై రాసి, బిల్లుల నకళ్లతో జతచేసి, సంస్థ ముద్రతో రసీదు తీసుకోండి. ఇంజిన్ మార్చి ఉంటే ఆ మార్పు ఆర్‌సీలో నమోదై ఉండాలి.

తెలంగాణ బండి కొన్నప్పుడు

ఆసిఫాబాద్, మంచిర్యాల, హైదరాబాద్‌లలో కొన్న బండికి అక్కడి రిజిస్టరింగ్ అధికారి నుండి ఫారం 28పై నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. మన మరాఠీ కార్యాలయాలలో దీనినే ‘నా హరకత్ ప్రమాణపత్ర’ అంటారు. యాజమాన్య మార్పిడిని ‘హస్తాంతరణ’ అని, బీమాను ‘విమా’ అని, రిజిస్ట్రేషన్‌ను ‘నోందణీ’ అని రాస్తారు. ఫారం 29, 30లతో చంద్రపూర్ ఆర్టీఓ కార్యాలయంలో పేరు మార్పించుకోవాలి. కొన్నవారు 30 రోజులలోగా తెలియజేయాలి. పన్నెండు నెలలకు మించి మహారాష్ట్రలో ఉంచే బండికి ఇక్కడి నంబరు తప్పనిసరి. చంద్రపూర్ నంబరు ఎంహెచ్ 34.

బండి చేతులు మారినప్పుడు 157వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ రక్షణ కొత్త యజమానికి దానంతట అదే వర్తిస్తుంది. సొంత నష్టం రక్షణ అట్లా వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. కనుక 14 రోజులలోగా పాలసీని తమ పేరుకు మార్చమని బీమా సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి.

అమ్మేవారికి ఒక మాట

దెబ్బతిన్న బండిని తుక్కు వ్యాపారికి అప్పగించి, ఖాళీ ఫారాలపై సంతకం చేసి చేతులు దులుపుకోవడం ప్రమాదకరం. బండి చేతులు మారినా ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే పరిహార బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. తుక్కు బండి ఎవరో బాగుచేసి, ఎక్కడో నడిపి, బీమా లేకుండా ఒకరిని ఢీకొంటే, నోటీసు పాత యజమాని ఇంటికే వస్తుంది. కాబట్టి బండి తిరిగి రోడ్డెక్కేదైతే పేరు మార్పిడి పూర్తయ్యేవరకు వెంటపడాలి. ఎక్కనిదైతే ఆర్‌సీ రద్దు చేయించాలి. తుక్కు చేయడానికి ప్రభుత్వ గుర్తింపు పొందిన కేంద్రాలకు 2021లోనే నియమాలు వచ్చాయి. అక్కడ ఇచ్చే ధ్రువపత్రాన్ని భద్రపరచుకోవాలి.

వివాదం వస్తే

క్లెయిమ్ తిరస్కరిస్తే, కారణాన్ని లిఖితపూర్వకంగా ఇవ్వమని కోరండి. మొదట సంస్థలోని ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గాని, 155255 నంబరుకు గాని ఫిర్యాదు చేయవచ్చు. నెల రోజులలో సమాధానం రాకపోయినా, వచ్చినది న్యాయంగా తోచకపోయినా, ఏడాదిలోగా బీమా ఓంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ రుసుము లేదు, వకీలు అవసరం లేదు. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం వారికి ఉంది. రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు కూడా ఉన్నది. ఈ వేదికలన్నిటిలోను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: దరఖాస్తులో మీరు ఏమి రాశారు? ఆ ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పగలిగినవారికి బాగుచేసిన బండి కూడా నమ్మకమైన బండే.