తరిమెన నేర్చిన గణితము

బీదరు నగరమునందలి బిద్రీ కార్ఖానాలలో, తుత్తునాగమును కొలది రాగితో కరగించి పోతపోసిన కూజా అచ్చునుండి వెలువడినప్పుడు, మనము ప్రదర్శనశాలలలో చూచు వెండిపూవుల నల్లని పాత్ర కాదు. గరుకైన బూడిదవన్నె లోహఖండము మాత్రమే. ఆకురాయి పట్టించి, తరిమెనమీద త్రిప్పి నునుపు చేసిన పిమ్మటనే దానిపై ఉలి నడచును, వెండి పొదుగబడును, బీదరు కోటలోని మన్నును నవాసాగరమును కలిపిన ద్రావణముతో అది కాటుకనలుపు దాల్చును. 2006లో భౌగోళిక గుర్తింపు నొందిన ఈ శిల్పమున కోటమన్నునకు దక్కిన కీర్తిలో శతాంశమైనను తరిమెనకు దక్కలేదు. వస్తువు తిరుగవలెను, ఉలి దాని నానుకొని కదలవలెను: ఈ ఒక్క సూత్రము బిద్రీ పనివాని తరిమెనకును, నేటి యంత్రశాలలలోని లేతునకును సమానమే. శతాబ్దములలో మారినది, ఉలిని నడపు బుద్ధి ఎచ్చట నివసించుచున్నదను విషయము మాత్రమే.

ఆదియందు ఆ బుద్ధి పనివాని మణికట్టున నుండెను. 1800 ప్రాంతమున ఆంగ్లదేశీయుడగు హెన్రీ మాడ్‌స్లే ఉలిని చేతినుండి తీసి ఇనుపబండిపై బిగించి, ఆ బండిని నడపు పొడవాటి మరను పండ్లచక్రముల మూలమున తిరుగు వస్తువుతో ముడిపెట్టి, ఎన్ని మరలు కోసినను ఒకే కొలత తప్పని లేతును నిర్మించినప్పుడు, ఆ బుద్ధిలో కొంత చక్రముల పండ్లలోనికి ప్రవేశించెను. పిదప అమెరికాలో, హెలికాప్టరు రెక్కల వంపులను బిందువుల పట్టికనుండి సాధింపదలచిన జాన్ పార్సన్స్ ఊహ ఎం.ఐ.టి. ప్రయోగశాలలో పరిపక్వమై, రంధ్రములు పొడిచిన పట్టీనుండి ఆజ్ఞలు చదువుకొని తనంతట నడచు మిల్లింగు యంత్రముగా 1952లో లోకమునకు కనబడెను. ఆ ఆజ్ఞల పద్ధతినుండి పిదప ఎదిగిన భాషయే నేడు టర్నర్లు జీ-కోడ్ అని వ్యవహరించునది.

కంప్యూటరు వచ్చిన పిమ్మట ఆ బుద్ధి కంట్రోలరను పెట్టెలోనికి చేరెను. పెట్టెతోపాటు దానిలోని ప్రోగ్రాము తయారీదారుల రహస్యమయ్యెను. 1943లో హైదరాబాదు రాజ్యమున ప్రాగా టూల్సు, 1953లో బెంగుళూరున హెచ్.ఎం.టి. స్థాపితములై మన దేశమునకు యంత్రపరికరములను సమకూర్చినను, 1956 వరకు ఆ హైదరాబాదు రాజ్యమునకే చెందియుండిన బీదరు వంటి పట్టణములలోని చిన్న యంత్రశాలకు, దృఢమైన ఇనుము ఒక యెత్తు, ఆ యినుమును నడపు పెట్టె వెల మరియొక యెత్తు. ఇనుము చెక్కుచెదరకున్నను పెట్టె చెడినంతనే యంత్రము మూలబడుట ఇట్టిచోట్ల పెద్ద నష్టము.

ఈ చిక్కునకు పరిష్కారము ఒక ప్రభుత్వసంస్థనుండి వచ్చుట విశేషము. అమెరికా ప్రభుత్వపు ప్రమాణసంస్థయైన నిస్ట్, భిన్నభిన్న కర్మాగారముల యంత్రములకు అందరును పరీక్షింపదగిన బహిరంగ నియంత్రణపద్ధతి యుండవలెనని తలచి, 1990 దశకమున ఈఎంసీ అను ప్రోగ్రామును రచింపజేసెను. అచట ప్రభుత్వోద్యోగుల రచనలకు ప్రచురణహక్కు లేదు గనుక అది ప్రజల సొత్తయ్యెను. స్వచ్ఛందకర్తలు దానిని స్వీకరించి పెంచిరి. ఆ పేరే గల ఒక వాణిజ్యసంస్థ అభ్యంతరము తెల్పగా 2011లో లినక్స్‌సీఎన్‌సీ అను నామాంతరము పొంది, నేటికిని మూల్యము లేకయే లభించుచున్నది.

ఈ ప్రోగ్రామునకు ఆధారమైన, లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సును యంత్రము నడపుటకు సిద్ధపరచుట సులభసాధ్యము కాలేదు. స్టెపర్ మోటారు ఒక చుట్టు తిరుగుటకు 2000 స్పందనలు కావలెననియు, ఒక చుట్టునకు బండి 5 మిల్లీమీటర్లు జరుగుననియు అనుకొందము: మిల్లీమీటరునకు 400 స్పందనలు. నిమిషమునకు 1200 మిల్లీమీటర్ల వేగమున బండి సాగవలెనన్నచో సెకనుకు 8000 స్పందనలు, అనగా ప్రతి 125 మైక్రోసెకన్లకు ఒక్కటి, తప్పక వెలువడవలెను. సామాన్యపు కంప్యూటరు నడుమ మరియొక పనికి తిరిగి క్షణకాలము ఆలసించినను, తాళము తప్పిన మృదంగమువలె మోటారు గతి చెడును. పిదప కోయబడు ప్రతి కొలతయు దోషయుక్తమగును. ఆర్టీఏఐ వంటి ప్రత్యేకపు కూర్పులు తొలుత ఈ సమయనియమమును లినక్సునకు నేర్పినవి. అట్టిదే యైన ప్రీఎంప్ట్ ఆర్టీ 2024లో లినక్సు ప్రధానశాఖయందే చేరెను.

ఈ ప్రోగ్రాము సామర్థ్యము మర కోయుచోట స్పష్టముగా వెల్లడియగును. మాడ్‌స్లే పండ్లచక్రములు చేసిన పనిని ఇచ్చట, స్పిండిల్‌కు తగిలించిన ఎన్‌కోడరు చేయును: స్పిండిల్ ఎంత తిరిగినదో అది తెలుపగా, 1.5 మిల్లీమీటర్ల మరకు చుట్టుకొక 1.5 మిల్లీమీటర్లు ఉలి జరుగును. జీ76 అను ఒక్క ఆజ్ఞతో, ప్రతి కోతయు మొదటి గాడిలోనే మొదలగునట్లు కోతలు వరుసగా సాగును. జీ96 అను ఆజ్ఞ కోతవేగమును స్థిరముగా నుంచును: 40 మిల్లీమీటర్ల వ్యాసమున నిమిషమునకు 500 చుట్లు చాలినచో, 10 మిల్లీమీటర్లకు తగ్గునప్పటికి 2000 చుట్లు కావలెను, వ్యాసము శూన్యమును సమీపించుకొలది చుట్లు అపరిమితముగా పెరుగును గాన గరిష్ఠపరిమితిని ముందుగనే వ్రాయవలెను. కొలతలు వ్యాసమున వ్రాయుచో జీ7, వ్యాసార్ధమున వ్రాయుచో జీ8 అని చెప్పకున్న కోత రెట్టింపో సగమో యగును.

వస్తువును రూపకల్పన చేయుటకు, 2002 ప్రాంతమున మొదలై 2024 నవంబరులో 1.0 సంచికను చేరిన ఫ్రీక్యాడ్ ఉచితముగా నున్నది. లేతు వస్తువునకు సగము పరిచ్ఛేదము గీచి అక్షముచుట్టు త్రిప్పినచో పూర్ణరూపము తెరపై సాక్షాత్కరించును. ఒక కొలత మార్చిన తక్కినవి తామే సర్దుకొనును. ఐతే దానియందలి కోతమార్గములను రచించు భాగము మిల్లింగునకు అనుకూలించినంత లేతుపనికి అనుకూలింపదు. కావున సరళమైన ఇరుసులకును బుష్షులకును ఆజ్ఞలను స్వయముగా వ్రాయుటయే మేలు; అట్లు వ్రాసిన టర్నరు తన యంత్రమును మరింత బాగుగ నెరుగును.

ఇంత యైనను చక్‌లో జాబ్ బిగింపు, ఉలి వాడి, లోహపు గుణము పరీక్షించు విచక్షణ ఎప్పటివలెనే మనుష్యునిదే. బీదరునందును, రాష్ట్రపు సరిహద్దు కావలనున్న జహీరాబాదు ప్రాంతమునందును శిక్షణ పొందు విద్యార్థులకు నా విన్నపము: పాతకంప్యూటరులోనైనను లినక్స్‌సీఎన్‌సీని నెలకొల్పి, యంత్రము లేకయే తెరపై ఉలిని నడపి అభ్యసింపుడు, నిజమైన లేతునకు జోడించునాడు అత్యవసరముగా ఆపు మీటను ప్రోగ్రాముపై వదలక, తీగల మూలమున నేరుగా విద్యుత్తును ఖండించునట్లు అమర్చుడు, నేర్చినదానిని తెలుగునను కన్నడమునను వ్రాసి తోటి పనివారికి పంచుడు.