పరీక్షకు పెట్టే పరీక్ష

1902 ప్రాంతంలో దక్షిణ రొడీషియాలో పశువులు మందలకు మందలే చచ్చిపోయాయి. జబ్బు తూర్పు ఆఫ్రికా నుంచి దిగుమతైన పశువులతో వచ్చింది కాబట్టి ఈస్ట్ కోస్ట్ ఫీవర్ అన్నారు. కారణం థైలేరియా పార్వా అనే ఏకకణజీవి. దాన్ని ఒక పశువు నుంచి మరోదానికి చేరవేసేది గోమారి, అంటే మన పిడుదు.

జ్వరంతో పడుకున్న పశువులో ఈ ఏకకణజీవిని పట్టుకోవడం సులువే. ఉబ్బిన గ్రంథిలో సూది గుచ్చి, తీసిన ద్రవానికి రంగుపట్టించి మైక్రోస్కోపు కింద చూస్తే కనబడుతుంది. కోలుకున్న పశువుతోనే చిక్కు. దాని నెత్తుటిలో పరాన్నజీవి మైక్రోస్కోపు కింద వెతికినా దొరకనంత తక్కువగా ఉంటుంది. తేలిగ్గా దొరికే ఆనవాలు యాంటీబాడీలు. ఎలైసా పరీక్షలో అవి ఎంత ఎక్కువుంటే రంగు అంత ముదురుతుంది. ఏ రంగు దాటితే 'సోకింది' అనాలి?

ఆ గీత గీయడానికి సోకిందని రూఢిగా తెలిసిన పశువుల సీరం కొంత, సోకలేదని తెలిసినది కొంత కావాలి. ప్రయోగశాలలో జబ్బు అంటించిన పశువులో యాంటీబాడీలు పొంగిపొర్లుతాయి; ఎప్పుడో ఏడాది కిందట గోమారి కుట్టిన ఊరి ఆవులో అంతుండవు. ఇక 'సోకని' సీరం కోసం గోమార్లే లేని చలిదేశానికి పోతే, పరీక్షకు తేలిక ప్రశ్నపత్రం ఇచ్చినట్టే. ఎందుకంటే ఆఫ్రికాలో అదే గోమారి థైలేరియా టారోట్రాగిని కూడా మోస్తుంది. అది పశువులకు పెద్దగా హాని చేయదు. కానీ పరాన్నజీవిని మొత్తంగా వాడే పాత ఫ్లోరోసెన్స్ పరీక్షలో దాని యాంటీబాడీలూ మెరిసి, పార్వాగా భ్రమపెట్టేవి. అందుకే నైరోబీ శాస్త్రవేత్తలు పిమ్ అనే ఒక్క పార్వా ప్రొటీన్‌నే తీసుకుని ఎలైసా తయారుచేశారు.

అంత చేసినా లెక్క ఒకటుంది. సోకినవాటిలో 90 శాతాన్ని, సోకనివాటిలో 90 శాతాన్ని సరిగ్గా చెప్పే పరీక్ష అనుకుందాం. వెయ్యి పశువుల్లో 600 సోకినవైతే, పాజిటివ్‌లలో 540 నిజం, 40 అబద్ధం. సోకినవి 100 మాత్రమే అయితే 90 నిజం, 90 అబద్ధం! కిట్ అదే, మంద మారింది. నా దృష్టిలో, ఈ మాట కిట్ డబ్బా మీదే అచ్చువేయాలి.

జున్నుపాలు తాగిన దూడ మరో తిరకాసు. దానికి జబ్బు సోకకపోయినా తల్లి యాంటీబాడీలు నెత్తుట్లో తిరుగుతుంటాయి.

మన సంకరజాతి ఆవులను పీడించేది పార్వా దాయాది, థైలేరియా అన్యులేటా. మోసే గోమారి జాతీ వేరే, హయలోమా. పార్వా కోసం గీసిన గీత ఇక్కడ చెల్లదు; మన కొట్టాల్లోని ఆవుల సీరంతోనే మళ్లీ గీసుకోవాలి.