గన్నవరము విమానాశ్రయము – పరిసర గ్రామముల బాధ్యత

విజయవాడ నుండి ఏలూరు పోవు 16వ నంబరు జాతీయ రహదారిపై, నగరమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున, కృష్ణా జిల్లా గన్నవరము వద్ద విజయవాడ అంతర్జాతీయ విమానాశ్రయము కలదు. పేరు నగరముదే అయినను అది నిలిచిన నేల గ్రామములది. కావున దాని పూర్వోత్తరములను, అది సురక్షితముగా నడుచుటకు గ్రామములు చేయవలసిన పనులను పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఈ స్థలము సైనిక విమానములకు ఉపయోగపడినది. పిదప చాలకాలము ఇచ్చట రాకపోకలు స్వల్పముగనే యుండెను. 2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ సంస్థ హైదరాబాదు, విజయవాడల మధ్య దినసరి సర్వీసు ప్రారంభించినది. 2014లో రాష్ట్ర విభజన జరిగి, అమరావతి ప్రాంతము రాజధానిగా నిర్ణయింపబడిన పిమ్మట ప్రయాణికుల సంఖ్య వేగముగా పెరిగినది. 2017 జనవరి 12న క్రొత్త టెర్మినల్ భవనము ప్రారంభమైనది. ఆ సంవత్సరమే కేంద్ర ప్రభుత్వము దీనికి అంతర్జాతీయ హోదా నొసగినది.

అంతర్జాతీయ విమానాశ్రయ మనగా పెద్ద భవనము మాత్రమే కాదు. విదేశములకు పోవువారి, వచ్చువారి పాస్‌పోర్టులు పరిశీలించు ఇమ్మిగ్రేషన్ అధికారులు, సామానులు తనిఖీ చేయు కస్టమ్స్ అధికారులు, అంటువ్యాధులు దేశములో ప్రవేశింపకుండ చూచు ఆరోగ్య సిబ్బంది అచ్చట ఉండవలెను. 2018 డిసెంబరు 4న ఇచ్చటి నుండి తొలి విదేశీ సర్వీసు సింగపూరునకు బయలుదేరినది. అది మరుసటి సంవత్సరమే నిలిచిపోయినది. 2022 అక్టోబరులో షార్జాకు సర్వీసు ఆరంభమైనది. హోదా వచ్చినంత మాత్రమున సర్వీసులు నిలువవనియు, తగినంతమంది ప్రయాణికులు కూడ ఉండవలెననియు దీనివలన తెలియుచున్నది.

దూరదేశములకు పోవు విమానము ఎక్కువ ఇంధనము మోయవలెను. బరువు పెరిగినకొలది నేల విడుచుటకు ముందు అది ఎక్కువ దూరము పరుగెత్తవలెను. పూర్వము 2,286 మీటర్లున్న రన్‌వే చాలకపోవుటచే దానిని 3,360 మీటర్లకు పొడిగించిరి. ఇది 2021లో వాడుకలోనికి వచ్చినది. ఈ విస్తరణకై బుద్ధవరము, కేసరపల్లి, అజ్జంపూడి గ్రామముల రైతులు భూసమీకరణ పద్ధతిపై తమ పొలములను అప్పగించిరి. వారికి ప్రతిఫలముగా నిర్ణయింపబడినది రొక్కము గాక, రాజధాని ప్రాంతములో అభివృద్ధి పరచిన స్థలములు. తరతరములుగా పండించుకొనిన భూమి నిచ్చినవారి త్యాగమును, వారికి చేసిన వాగ్దానమును ఎవరును మరువరాదు.

ఇక పంచాయతీల కర్తవ్యము. చెత్తకుప్పలున్న చోటికి, మాంసపు వ్యర్థములున్న చోటికి గ్రద్దలు, కాకులు, కుక్కలు చేరును. విమానము లేచునప్పుడు, దిగునప్పుడు పక్షి ఇంజనులో పడినచో ఘోర ప్రమాదము కలుగవచ్చును. 2009 జనవరి 15న అమెరికాలోని న్యూయార్కు నుండి లేచిన ఒక విమానమునకు బాతుజాతి పక్షుల గుంపు తగిలి రెండు ఇంజనులును శక్తి కోల్పోయినవి. పైలటు దానిని హడ్సన్ నదిపై దింపగలిగినందున అందలి 155 మందియు బ్రతికిరి. అందరికిని అట్టి అదృష్టము కలుగదు.

ఈ కారణముననే 1937 నాటి విమాన నియమావళిలో విమానాశ్రయమునకు 10 కిలోమీటర్ల లోపల పక్షులను, జంతువులను ఆకర్షించునట్లు పశువులను వధించుట, చర్మము లొలుచుట, చెత్త పారవేయుట నిషేధింపబడినవి. అట్లే చుట్టుపట్ల ఎత్తయిన భవనములు, సెల్ టవర్లు నిర్మించుటకు ఎత్తు విషయమై నియమములు కలవు. విమానము దిగు మార్గమునకు అడ్డు రాకుండుటకే ఈ కట్టుబాటు. ఆ మార్గమునకు దగ్గరగా నున్న చోట్ల కొలదిపాటి ఎత్తునకు సయితము భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థ వారి నిరభ్యంతర పత్రము కావలసి యుండును.

కావున ఊరి చెత్తను రోడ్ల ప్రక్కనను, కాలువ గట్లపైనను వేయనీయక దూరముగా తరలింపవలెను. మాంసపు దుకాణముల వ్యర్థములను ఏనాటి కానాడు లోతుగా పూడ్పింపవలెను. గృహనిర్మాణమునకు అనుమతి నిచ్చుటకు ముందు ఎత్తునకు సంబంధించిన పత్రమును అడిగి చూడవలెను. అడుగకుండ అనుమతించి, అనంతరము కట్టడమును తొలగింపవలసి వచ్చినచో నష్టపోవునది గ్రామస్థుడే.

గన్నవరమునకే కాదు, రేణిగుంట, మధురపూడి మున్నగు విమానాశ్రయముల పరిసర గ్రామములకును ఇవి వర్తించును. అట్టి గ్రామముల పంచాయతీ సభ్యులు రాబోవు సమావేశములోనే ఈ మూడు విషయములను చర్చించి, తీర్మానించి, ఆచరణలో పెట్టుదురుగాక.