దుమ్ము దులపని ఫెరారీ

ఫ్రాన్స్ పశ్చిమాన డ్యూ సెవ్ర్ జిల్లాలో ఒక పల్లెటూరి ఎస్టేటు. రేకుల షెడ్లు, వాటి మీదికి ఎగబాకిన తీగలు. 2014లో పారిస్‌కు చెందిన ఆర్ట్‌క్యూరియల్ అనే వేలం సంస్థ నుంచి మాథ్యూ లమూర్, పియెర్ నోవికాఫ్ అనే ఇద్దరు నిపుణులు అక్కడికి వెళ్లారు. తాతగారి పాత కార్లున్నాయి, చూసి విలువ కట్టమని వారసులు కబురు పెట్టారు. షెడ్డు తర్వాత షెడ్డు చూస్తూ పోతుంటే కార్లకు అంతు కనిపించలేదు. కొన్ని చక్రాల దాకా మట్టిలో కూరుకుపోయాయి. కొన్నింటి బాడీ తుప్పుకు జల్లెడైపోయింది. ఒక గ్యారేజీలో మాత్రం పాత పత్రికల కట్టలు గుట్టగా పడి ఉన్నాయి. ఆ కట్టల కింద ఉన్నది ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్. దాన్ని ఆనుకునే ఒక మసెరాటి.

ఆ ఫెరారీకి పెద్ద చరిత్రే ఉంది. 1961 పారిస్ మోటార్ షోలో నిలబడిన కారు అది. తర్వాత ఫ్రెంచి సినీనటుడు అలెన్ డెలాన్ చేతికి వెళ్లింది. నటి జేన్ ఫోండాతో కలిసి ఆయన అందులో కూర్చున్న ఫొటోలు అప్పట్లో పత్రికల్లో వచ్చాయి. చివరికి అదే కారు పత్రికల గుట్ట కింద దాక్కుంది.

వీటన్నిటినీ పోగేసిన మనిషి రోజర్ బాయోన్. లారీల మీద సరుకు రవాణా చేసే వ్యాపారి. పని తెలిసినవాడు కూడా. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సొంతంగా ఒక కారు తయారుచేసి, దానికి 'నీలి పిట్ట' అని పేరు పెట్టి 1947 పారిస్ మోటార్ షోలో ప్రదర్శించాడు. 1950లు వచ్చేసరికి ఫ్రాన్స్‌లో యుద్ధానికి ముందరి పెద్ద కార్లను అడిగే నాథుడు లేకుండా పోయాడు. పెట్రోలు ఎక్కువ తాగుతాయి, ఇంజన్ సైజును బట్టి పన్ను కూడా ఎక్కువే. డెలాహే, డెలాజ్, టాల్బో లాగో లాంటి గొప్ప పేర్లన్నీ పాత ఇనుప సామాను వాళ్ల దగ్గరికి చేరాయి. బాయోన్ అక్కడే వాటిని పట్టుకున్నాడు. బాగుచేయించి మ్యూజియం పెట్టాలన్నది ఆయన కోరిక. ఈజిప్టు రాజు ఫారూక్ వాడిన టాల్బో లాగో కూడా ఆ గుంపులో ఉంది.

1970ల్లో వ్యాపారం దెబ్బతింది. దాదాపు 50 కార్లు అమ్ముకోవాల్సి వచ్చింది. మిగిలినవి ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తుక్కు కొట్టు నుంచి కాపాడి తెచ్చిన కార్లు చివరికి ఆయన పెరట్లోనే తుక్కుగా మారాయి.

2015 ఫిబ్రవరి 6న పారిస్‌లో రెట్రోమొబైల్ ప్రదర్శన సందర్భంగా 59 కార్లను వేలానికి పెట్టారు. ఆర్ట్‌క్యూరియల్ వాళ్లు వాటిని కడగలేదు, తుడవలేదు. ఎండుటాకులు, సాలెగూళ్లు, దశాబ్దాల దుమ్ము అలాగే ఉంచి, చీకటి హాల్లో ఒక్కోదాని మీద దీపం వేసి చూపించారు. 59కి 59 అమ్ముడుపోయాయి. మొత్తం రెండున్నర కోట్ల యూరోలు దాటింది. అందులో ఒక్క ఫెరారీయే 1.63 కోట్ల యూరోలు పలికింది. అప్పటి లెక్కన మన డబ్బులో 110 కోట్ల రూపాయల పైమాటే. ఆ మోడల్‌కు అంతవరకు అంత ధర ఎప్పుడూ రాలేదు. తళతళలాడేలా బాగుచేసిన అవే కార్లకు కూడా! ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు కానీ, ఇక్కడ చచ్చిన ఏనుగే ఎక్కువ తెచ్చింది.

దుమ్ముకు అంత విలువ ఎందుకు? రంగు కొత్తగా వేయొచ్చు, సీటు కొత్తగా కుట్టొచ్చు. ఫ్యాక్టరీలో వేసిన రంగును, మొదటి యజమాని కూర్చున్న తోలును మాత్రం రెండోసారి తేలేం. ఒకసారి గీకి పారేస్తే ఆ సాక్ష్యం పోయినట్టే. అందుకే ఈ రంగంలో ఉన్నవాళ్లు పాత కారు దొరికినప్పుడు ముందు కెమెరా తీస్తారు, ఆ తర్వాతే పానా పట్టుకుంటారు.

ఈ వాదనను చివరిదాకా తీసుకెళ్లిన కారు ఒకటుంది. స్విట్జర్లాండ్, ఇటలీ పంచుకున్న మజ్జోరే సరస్సు అడుగున ఒక బుగాటి బ్రెషియా 70 ఏళ్లకు పైగా పడి ఉంది. లోతు 50 మీటర్ల పైనే. గజ ఈతగాళ్లు 2009 జులైలో దాన్ని పైకి తెచ్చారు. బురదలో కూరుకున్న వైపు కొంత మేలుగానే ఉంది, నీళ్లకు తగిలిన వైపు తుప్పు తినేసింది. 2010 జనవరిలో పారిస్ వేలంలో 2,60,500 యూరోలకు దాన్ని కొన్న అమెరికన్ సేకరణకర్త పీటర్ ముల్లిన్ కొత్త రేకు ఒక్కటీ వేయించలేదు. సరస్సులోంచి వచ్చిన రూపంలోనే కాలిఫోర్నియాలోని తన మ్యూజియంలో పెట్టాడు.

స్వీడన్‌వాళ్లు ఇంకో దారి పట్టారు. రీడ్ అనే ఊరి దగ్గర చిత్తడి నేలలో ఆకె డేనియల్‌సన్ అనే ఆయన పాత కార్లు తెచ్చి, పనికొచ్చే సామాను విప్పి అమ్ముకునేవాడు. ఆయన 2000లో పోయారు. మిగిలిన 150 దాకా కార్లలోంచి చెట్లు మొలిచాయి. స్థానిక పాలకులు వాటిని తీయించలేదు. 2050 వరకు అక్కడే ఉండనిచ్చారు. ఇప్పుడు అది చూసిరావడానికి జనం వెళ్లే చోటు.

కానీ తుక్కులోంచి లేచే ప్రతి కారూ ఫెరారీ కాదు. మన దగ్గర షెడ్డు వెనక పడి ఉండేది అంబాసిడరో, ఫియట్టో, విల్లీస్ జీపో. వాటిని మ్యూజియంలో పెట్టరు, రోడ్డెక్కించాలనే చూస్తారు. అప్పుడు అసలు పని మొదలవుతుంది.

మొదట చూసేది తుప్పు కాదు, నంబరు. చాసిస్ మీద చెక్కిన అంకె, ఇంజన్ నంబరు, ఆర్సీలో ఉన్నది మూడూ కలవాలి. కాగితం లేకపోతే కారు ఎంత బాగున్నా అది ఇనుమే. రెండో పరికరం అయస్కాంతం. బాడీ మీద మెల్లగా జరుపుతూ పోతే రేకున్నచోట గట్టిగా పట్టుకుంటుంది. పుట్టీ మందంగా పూసినచోట జారిపోతుంది. పైకి నున్నగా మెరిసే డోరు కింద చేతివెడల్పు కన్నం ఉందని అలా బయటపడుతుంది.

ఇక ఇంజన్. ఏళ్ల తరబడి ఆగిన ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు తుప్పుతో అతుక్కుపోతాయి. బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొడితే రింగు విరగొచ్చు. అందుకే మెకానిక్ ముందు ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లోంచి డీజిలూ పల్చటి ఆయిలూ కలిపి పోస్తాడు. రోజులకు రోజులు అలా నాననిస్తాడు. ఆ తర్వాత క్రాంక్ పుల్లీ నట్టుకు పానా పెట్టి, బలం అంతా వేయకుండా, ముందుకోసారి వెనక్కోసారి కదుపుతాడు. నట్టు వెంట్రుకవాసి జరిగిన క్షణం షెడ్డులో అందరికీ తెలిసిపోతుంది. మళ్లీ ఆయిల్, మళ్లీ ఓపిక.

ఇంజన్ తిరిగాక కూడా సంబరానికి తొందర లేదు. ట్యాంకులో మిగిలిన పెట్రోలు బంకలా మారి పైపులు మూసేసి ఉంటుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వీల్ సిలిండర్లు పట్టేసి ఉంటాయి. వైర్ల మీది తొడుగును ఎలుకలు కొరికేసి ఉంటాయి. అన్నిటికన్నా ఖర్చు బాడీదే. అంబాసిడర్‌కు జీపులా విడి చాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. డోర్ల కింది పట్టీ తుప్పు పట్టి ఉంటే, దాన్ని కోయగానే కారు నడుం వంగిపోతుంది. పని తెలిసినవాళ్లు ముందు డోర్ల సందుల్లో ఇనుప కడ్డీలు వెల్డింగ్ పెట్టి, ఆ తర్వాతే కట్టర్ ముట్టుకుంటారు. సామాను కోసం మళ్లీ తుక్కు కొట్లే దిక్కు. రెండు మూడు కార్లు విప్పితే గానీ ఒక్కటి నిలబడదు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే. కాబట్టి విప్పడానికి దొరికే కార్లు కూడా ఏటేటా తగ్గుతున్నాయి.

చట్టం కూడా ఇక్కడ రెండు దారులు చూపిస్తుంది. కాలం చెల్లిన బండ్లను తుక్కు చేసే విధానాన్ని కేంద్రం 2021 ఆగస్టులో ప్రారంభించింది. గుర్తింపు పొందిన కేంద్రానికి ఒకసారి అప్పగించి రిజిస్ట్రేషన్ రద్దయితే ఆ బండి కథ ముగిసినట్టే. దానికి నెల ముందు, అదే ఏడాది జులైలో, పాతకాలపు బండ్లను కాపాడే నిబంధనలూ వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన టూవీలర్, కారు అసలు రూపంలోనే ఉంటే వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త నమోదుకు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లకోసారి పునరుద్ధరణకు 5,000. నంబరు ప్లేటు మీద రాష్ట్ర కోడ్ పక్కన 'వీఏ' అని ఉంటుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీయొచ్చు గానీ రోజూ ఆఫీసుకు వెళ్లడానికి కుదరదు. పాత జీపుకు కొత్త డీజిల్ ఇంజన్ బిగించి మురిసిపోయేవాళ్లకు ఈ నిబంధన మింగుడుపడదు.

బాయోన్ కథ లాంటిది హైదరాబాద్‌లోనూ నడిచింది. 1967లో ముకర్రం జా ఎనిమిదో నిజాంగా వచ్చేనాటికి రాజప్రాసాదం గ్యారేజీలో 60 కార్లు ఉంటే, కదిలేవి నాలుగేనని చరిత్రకారుడు విలియం డాల్రింపుల్ రాశారు. పెట్రోలుకు, విడిభాగాలకు మాత్రం ఏటా లెక్క రాస్తూనే ఉన్నారు. యంత్రాలంటే ప్రాణం పెట్టే ముకర్రం జాకు దక్కిన వారసత్వం అది.

వాటిలో ప్రత్యేకమైన ఒక కారును ఈనాటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. కారు ఊరు చేరకముందే, 1911లో ఆయన కన్నుమూశారు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ఊరేగింపులకే బయటికి తీశారు. వందేళ్లు దాటిన ఆ కారు ఇప్పటివరకు నడిచింది 400 మైళ్ల లోపే. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి ఒక్కసారి వెళ్లినంత దూరం.