వాబుల్ బేస్‌లో డోలన వేగ నియంత్రణ: ఆటోమేషన్ పద్ధతులు, లయ గణితం

వ్యాస సంగ్రహం:
మంద్రస్థాయి స్వరం నిర్ణీత వేగంతో ఊగుతున్నట్లు వినిపించే ధ్వనిని ఎలక్ట్రానిక్ సంగీతంలో 'వాబుల్ బేస్' అంటారు. రచన నడుస్తుండగా ఈ ఊపు వేగాన్ని మార్చడం పైకి చిన్న సాంకేతిక చర్యగా కనిపించినా, వాస్తవానికి అది లయకు సంబంధించిన నిర్ణయం. వేగం మారినప్పుడు డోలనం తాళం నుండి ఎందుకు తప్పుతుందో, దానిని ఎలా నిలుపుకోవచ్చో ఈ వ్యాసం సోదాహరణంగా వివరిస్తుంది.

కీలక పదాలు: వాబుల్ బేస్, ఎల్.ఎఫ్.ఓ., ఆటోమేషన్, డోలన దశ, గతి, డబ్‌స్టెప్.

1. ఉపోద్ఘాతం

2000 దశకం తొలి సంవత్సరాలలో దక్షిణ లండన్‌లోని క్రాయిడన్ ప్రాంతంలో డబ్‌స్టెప్ అనే సంగీత శైలి రూపుదిద్దుకుంది. అక్కడి బిగ్ యాపిల్ రికార్డ్స్ అనే దుకాణం చుట్టూ చేరిన స్క్రీమ్, బెంగా వంటి యువ సంగీతకారులు దీనికి ఆద్యులలో ముఖ్యులు. ఈ శైలిలో లయ వేగం సాధారణంగా నిమిషానికి 140 బీట్లు. అయితే స్నేర్ దెబ్బ ప్రతి బార్‌లో మూడవ బీట్ మీద మాత్రమే పడటం వలన నడక 70 బీట్ల వేగంతో సాగుతున్నట్లు తోస్తుంది. రెండు దెబ్బల మధ్య మిగిలిన విశాలమైన ఖాళీని నింపే బాధ్యత బేస్‌ది. 2010లో స్క్రిల్లెక్స్ వెలువరించిన 'స్కేరీ మాన్‌స్టర్స్ అండ్ నైస్ స్ప్రైట్స్' ఈ ధ్వనిని ప్రపంచవ్యాప్తం చేసింది. 2012లో దానికి గ్రామీ పురస్కారం లభించింది.

ఈ ధ్వనిని కేవలం యంత్రపు రొదగా భావించేవారు ఉన్నారు. ఆ అభిప్రాయం ఎంతవరకు సమంజసమో తేల్చాలంటే ధ్వని గరుకుదనాన్ని కాక, దాని వేగం ఎప్పుడు, ఎలా మారుతున్నదో పరిశీలించాలి.

2. ఊపు పుట్టే విధానం

మొదట అనుస్వరాలు సమృద్ధిగా గల మంద్రధ్వనిని సింథసైజర్ పుట్టిస్తుంది. దానిని లో-పాస్ ఫిల్టర్ గుండా పంపుతారు. ఒక నిర్ణీత హద్దుకు పైనున్న పౌనఃపున్యాలను ఈ ఫిల్టర్ అణచివేస్తుంది. ఆ హద్దును పైకీ కిందికీ కదిపేది లో ఫ్రీక్వెన్సీ ఆసిలేటర్, సంక్షిప్తంగా ఎల్.ఎఫ్.ఓ. హద్దు పైకి పోయినప్పుడు ధ్వని విచ్చుకుంటుంది, కిందికి దిగినప్పుడు ముడుచుకుంటుంది.

కర్ణాటక సంగీతంలోని కంపిత గమకంతో దీనిని పోల్చాలనిపించడం సహజం. కాని కంపితంలో కదిలేది స్వరస్థానం. ఇక్కడ స్వరస్థానం నిశ్చలంగా ఉండి, ధ్వని యొక్క కాంతి మాత్రమే కదులుతుంది.

3. వేగమూ గతీ

నిమిషానికి 140 బీట్ల లయలో సెకనుకు 2.33 బీట్లు వస్తాయి. బీట్‌కు ఒక ఊపు అయితే ఎల్.ఎఫ్.ఓ. వేగం 2.33 హెర్ట్జ్, రెండు అయితే 4.67, మూడు అయితే 7, నాలుగు అయితే 9.33 హెర్ట్జ్. ఒకటి నుండి రెండుకు, రెండు నుండి నాలుగుకు మారడం మన సంప్రదాయంలో మొదటి, రెండవ, మూడవ కాలాలను పోలినది. మూడు ఊపులకు మారడం తిస్రగతిని పోలినది. కాబట్టి వేగపు మీట తిప్పడం అంటే గతిభేదం చేయడమే. వేగం సుమారు 20 హెర్ట్జ్ దాటితే ఊపులు విడివిడిగా వినిపించవు. అవి కలిసిపోయి ధ్వని స్వభావాన్నే మార్చివేస్తాయి. లయ అక్కడ నాదంగా పరిణమిస్తుంది.

4. ఆటోమేషన్ పద్ధతులు

కాలక్రమంలో ఒక మీట విలువ ఎలా మారాలో ముందుగా గీసి పెట్టడమే ఆటోమేషన్. సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని రెండు విధాలుగా నిర్దేశించవచ్చు. మొదటిది లయకు కట్టుబడిన విధానం. ఇందులో 1/4, 1/8, 1/16 వంటి నిర్ణీత విలువలు మాత్రమే ఉంటాయి. ఈ మీటపై ఏటవాలు గీత గీసినా ఫలితం మెట్లుగానే వస్తుంది. పైగా 1/8 నుండి 1/16కు పోయే దారిలో రచయిత కోరని ట్రిప్లెట్ విలువలు కూడా దొర్లవచ్చు. అందువలన ఇక్కడ నిట్టనిలువు మార్పులను, అవీ స్వరం మొదలయ్యే చోటనే, గీయడం శ్రేయస్కరం.

రెండవది హెర్ట్జ్‌లలో స్వేచ్ఛగా నడిచే విధానం. క్రమంగా వేగం పుంజుకునే ఊపు దీనితోనే సాధ్యం. అసలు చిక్కు కూడా ఇక్కడే ఉంది.

5. దశ తప్పడం

డోలనం ఒక చుట్టులో ఎక్కడ ఉన్నదో తెలిపేది దశ. వేగం మారుతున్నప్పుడు దశ అప్పటి వేగం మీద మాత్రమే ఆధారపడదు, గడిచిన వేగాలన్నిటి మొత్తం మీద ఆధారపడుతుంది. ఉదాహరణకు రెండు బార్లలో, అంటే 8 బీట్లలో, బీట్‌కు ఒక ఊపు నుండి నాలుగు ఊపులకు చేరాలనుకుందాం.

సరళరేఖలో పెంచితే సగటు వేగం బీట్‌కు 2.5 ఊపులు. మొత్తం సరిగ్గా 20 ఊపులు. డోలనం మూడవ బార్ మొదటి బీట్‌పై చక్కగా దిగుతుంది. కాని చెవి వేగాన్ని నిష్పత్తులలో గ్రహిస్తుంది. సరళరేఖలో మొదటి రెట్టింపు మూడవ వంతు కాలంలోనే ముగిసి, రెండవ రెట్టింపుకు మిగిలిన మూడింట రెండు వంతుల కాలం పడుతుంది. మొదట ఉరికి, తరువాత మందగించినట్లు వినిపిస్తుంది.

ప్రతి రెట్టింపుకూ సమాన కాలం ఇచ్చే ఘాత వక్రరేఖను గీస్తే పెరుగుదల చెవికి సమంగా తోస్తుంది. కాని అప్పుడు మొత్తం ఊపులు సుమారు 17.31. తాళం మొదటి బీట్‌కు చేరినప్పుడు డోలనం తన చుట్టులో మూడవ వంతుకు దగ్గరగా ఎక్కడో ఉంటుంది. ఆ క్షణాన దశను బలవంతంగా సున్నాకు తెస్తే ఫిల్టర్ ఒక్కసారిగా దూకి 'టప్' మనే శబ్దం వినిపించవచ్చు. చెవికి ఇంపైనది తాళానికి కుదరదు, తాళానికి కుదిరినది చెవికి సమంగా తోచదు.

దీనికొక పరిష్కారం పెరుగుదల నిడివిని మార్చడం. మొదటి రెండు బీట్లు ఒకే వేగంతో నడిపి, మిగిలిన 6 బీట్లలో మాత్రమే ఘాత వక్రరేఖను గీస్తే అందులో 12.98 ఊపులు వస్తాయి. అది 13కు అతి సమీపం. చివరి వేగం వద్ద ఒక ఊపు 107 మిల్లీసెకన్లు కనుక, తేడా 2 మిల్లీసెకన్ల లోపే. అంతటి స్వల్ప భేదాన్ని దశ పునఃప్రారంభం నిశ్శబ్దంగా సరిదిద్దుతుంది. మరొక మార్గం, ఎల్.ఎఫ్.ఓ.ను విడిచిపెట్టి ఫిల్టర్ హద్దునే ఊపు ఊపుగా చేతితో గీయడం. శ్రమ ఎక్కువైనా ప్రతి ఊపూ రచయిత అధీనంలో ఉంటుంది.

6. ముగింపు

వాబుల్ బేస్‌లో వేగాన్ని మార్చడానికి మీట ఒక్కటే చాలదని, ఎన్ని ఊపులు ఎన్ని బీట్లలో ఇముడుతాయనే లెక్క అవసరమని పై ఉదాహరణ నిరూపిస్తుంది. ముక్తాయింపును సమానికి చేర్చే మృదంగ విద్వాంసుని లెక్క కూడా ఈ కోవలోనిదే. ఈ లెక్క లేకుండా కేవలం వేగం పెంచిన ధ్వనిని రొద అనడంలో తప్పులేదు. లెక్కతో తాళానికి దిగిన ఊపును మాత్రం లయరచనగానే పరిగణించాలి. ఎలక్ట్రానిక్ సంగీతాన్ని తెలుగులో బోధించేవారు, విమర్శించేవారు ఈ భేదాన్ని గుర్తించి, గతి, కాలం, సమం వంటి మన పరిభాషను ఇక్కడ కూడా వినియోగించుకోవచ్చు.